ప్రోగ్రాం కోసం ఊరూరా తిరిగేవాళ్ళు ఒళ్ళూ గొంతూ ఎలా కాపాడుకోవాలి?

నేను హరికథ చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా కోనసీమలోనూ, గోదావరి వశిష్ఠ పాయ దాటి పాలకొల్లు, భీమవరం వైపూ, గౌతమి పాయ దాటి ద్రాక్షారామం, కాకినాడ వైపూ ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి వెళ్తున్నాను. శివరాత్రి, శ్రీరామనవమి, వినాయక చవితి, దసరా, సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థాలు (జాతరలు), ధనుర్మాసం. సీజన్ పట్టిందంటే వారంలో ఐదు రాత్రులు ఐదు ఊళ్ళు. నాతో వయొలిన్, మృదంగం వాయించేవాళ్ళిద్దరు వస్తారు. దారిలో పద్యనాటకాల వాళ్ళు, పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేవాళ్ళు, సినిమా షూటింగులకి సెట్లు వేసే ఆర్టిస్టులు కలుస్తుంటారు. అందరిదీ సంచి సర్దుకుని బతికే బతుకే.

ఈ మధ్య నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు ఎక్కువగా అడిగేది రాగం గురించి కాదు. "అక్కా, ఇన్ని ఊళ్ళు తిరిగీ మీ గొంతు ఎలా నిలబడిందండీ?" అని. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీరు పాడేవాళ్ళైనా, బొమ్మలు గీసేవాళ్ళైనా, కెమెరా మోసేవాళ్ళైనా ఇందులో చాలావరకు మీకూ పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. మమ్మల్ని పాడుచేసేది ప్రయాణం అనుకుంటారు. నా అనుభవంలో అది కాదు. ప్రోగ్రాం అయిపోయాక తెల్లారేదాకా ఉండే ఆ ఆరు గంటలు. పదకొండున్నరకి మంగళహారతి పాడేస్తాం. పన్నెండింటికి కడుపునిండా భోజనం, ఒంటిగంట దాకా గట్టిగా కబుర్లు, ఆ తర్వాత కారెక్కి ఇంటిదారి. గొంతు, పొట్ట, నడుం, నిద్ర అన్నీ అక్కడే దెబ్బతింటాయి. కాబట్టి కింద చెప్పే పనులన్నీ ఆ ఆరు గంటల్ని బాగుచేసుకోవడానికే. అందులో కొన్ని వారం ముందే, ఫోన్లోనే అయిపోవాలి.

ఒప్పుకునే ఫోన్లోనే అడగండి

కమిటీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నేను ఇలా మాట్లాడతాను:

"నమస్కారమండీ, తప్పకుండా వస్తాం. ఓ నాలుగు మాటలు అడగాలండీ. కథ ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి పూర్తవ్వాలి? స్టేజీ దగ్గర ఆడవాళ్ళకి బాత్రూం ఉందా, లేకపోతే పక్కన ఎవరింట్లోనైనా చెప్పి ఉంచుతారా? మైకు వాళ్ళు ఓ బాక్సు నా వైపు తిప్పి పెడతారా? రాత్రికి అక్కడే ఉండిపోతామండీ. నాకో గది, మా వాద్యాల వాళ్ళిద్దరికి ఓ గది కావాలి. మంచాలు ఉంటే చాలు."

డబ్బు మాట తేలకముందే ఇవి అడగండి. తేలాక అడిగితే గొంతెమ్మ కోరికల్లా వినిపిస్తాయి. మొదటే అడిగితే "ఈవిడ పద్ధతి ఇది" అనుకుని ఊళ్ళోవాళ్ళే శ్రద్ధగా చూస్తారు. ఇరవై రెండేళ్ళలో బాత్రూం గురించి అడిగానని ఎవరూ తప్పుపట్టలేదు. అడగకుండా వెళ్ళి ఇబ్బందిపడ్డ రోజులు మాత్రం చాలా ఉన్నాయి.

అదే ఫోన్లో దారి కూడా తేల్చుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి ఇది ముఖ్యం. అమలాపురం దాకా రైలు రాదు. రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సులో రావాలి. రాత్రి రైల్లో వచ్చి, దిగిన వెంటనే బస్సెక్కి, అదే సాయంత్రం స్టేజీ ఎక్కేలా టికెట్లు తీసుకోకండి. వీలైతే ముందురోజే చేరండి. కార్తీకమాసం అయితే గది ఇంకా ముందు చూసుకోవాలి. పంచారామాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం నాలుగూ మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి కదా. ఆదివారం రాత్రికి లాడ్జిలన్నీ యాత్రికులతో నిండిపోతాయి.

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారి లెక్క కూడా చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వార్త వినగానే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద ఆశ వదులుకోండి. నరసాపురం–సఖినేటిపల్లి రేవు ఆగితే చించినాడ వంతెన మీదుగా, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు ఆగితే యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ అదనపు గంటన్నర ముందే లెక్కలో వేసుకుంటే రేవు దగ్గర నిలబడి టెన్షన్ పడక్కర్లేదు.

సంచిలో ఏం ఉండాలి

పట్టుచీర, గజ్జెలు, చిరతలు మీకు నేను చెప్పక్కర్లేదు. మిగతావి క్లుప్తంగా: మీరు రోజూ వేసుకునే మందులు రెండు రోజులు ఎక్కువగా, షీటుతో సహా. డాక్టరు చీటీ ఫొటో ఫోన్లో. పారాసిటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, కట్టు కట్టుకునే గుడ్డ, స్టీలు నీళ్ళ సీసా, చిన్న టార్చి, చెవుల్లో పెట్టుకునే ఫోం బిరడాలు, ఒక జత పొడి సాక్సులు. ఆడపిల్లలు ప్యాడ్లు తేదీతో పని లేకుండా ఎప్పుడూ సంచిలోనే ఉంచుకోవాలి. నిద్ర తగ్గి, ప్రయాణాలు పెరిగితే తేదీలు అటూ ఇటూ అవుతాయి.

దోమతెర గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మనల్ని పడుకోబెట్టేది ఎక్కువగా బడి వరండాల్లో, కల్యాణమండపాల్లో, గుడి పక్క సత్రాల్లో. కింద చాప వేస్తారు. చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, వాటిలో ఎలుకలు, ఎలుకల కోసం పాములు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్ళ దగ్గరికి వస్తుంది. దాని కాటు చాలాసార్లు నొప్పే పుట్టదు, చీమ కుట్టిందనుకుంటారు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చి, ఊపిరి కష్టమవుతుంది. అందుకే మంచం అడగండి. మంచం లేకపోతే దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికో చాప కిందికో గట్టిగా దోపుకోండి. దోమలతోపాటు పామునీ ఆపుతుంది. మడతపెడితే చీరంత కూడా ఉండదు, బరువూ ఉండదు. నేను దోమతెర లేకుండా షష్ఠి సీజన్‌కి బయల్దేరను.

పాము కరిచిందన్న అనుమానం వచ్చినా సరే, కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చెయ్యొద్దు. మనిషిని నడిపించకుండా, కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఇస్తారు.

దారిలో

బస్సులో కడుపులో తిప్పే అలవాటుంటే ముందు వైపు, కిటికీ పక్కన కూర్చుని దూరంగా కనిపించే చెట్ల వరస మీద చూపు పెట్టండి. ఫోన్ చూడొద్దు, పుస్తకం చదవొద్దు. చిన్న అల్లం ముక్క నోట్లో ఉంచుకోవడం మా వయొలిన్ ఆయన అలవాటు, ఆయనకి బాగా పనిచేస్తుంది. రెండు గంటలు దాటే ప్రయాణమైతే మధ్యలో ఒకసారి దిగి నాలుగడుగులు వెయ్యండి. దిగే వీలు లేకపోతే కూర్చునే మడమలు, మునివేళ్ళు మార్చి మార్చి పైకెత్తండి. స్టేజీ మీద రెండున్నర గంటలు నిలబడాల్సిన కాళ్ళు అవి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఇది ముఖ్యంగా ఆడపిల్లలకి చెబుతున్నాను. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు, దారిలో బాత్రూం దొరకదని పొద్దున్న నుంచి నీళ్ళు తాగడం మానేసేదాన్ని. మధ్యాహ్నం ఒక గ్లాసు, కథ అయ్యాక ఒక గ్లాసు. అదేదో నేర్పు అనుకున్నాను. ఆ ఏడు షష్ఠికి రెండు రోజుల ముందు చలిజ్వరం, పొత్తికడుపులో మంట, నడుం పట్టేసింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకిందన్నారు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతుంటే దూరంగా తీర్థం మైకు వినపడుతోంది. నేను చెప్పాల్సిన కథ వేరే ఆవిడ చెబుతోంది.

అప్పటినుంచి నా లెక్క మార్చుకున్నాను. నీళ్ళు తగ్గించను, ఆగే చోట్లు పెంచుతాను. బయల్దేరేముందు దారిలో ఎక్కడెక్కడ ఆగాలో రాసుకుంటాను: ఆర్టీసీ బస్టాండు, పెట్రోలు బంకు, తెలిసినవాళ్ళ ఇల్లు. ప్రతి గంటన్నరకి ఒకటి ఉండేలా చూసుకుంటాను. "చెల్లెమ్మా, ఓసారి బాత్రూం వాడుకోవచ్చా" అని రోడ్డు పక్క ఇంట్లో అడిగితే మన ఊళ్ళల్లో ఎవరూ కాదనరు. మంచినీళ్ళు కూడా ఇచ్చి పంపుతారు.

ఎండాకాలం మన డెల్టాలో గాలి నిండా తేమ. చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కొబ్బరిబొండం మంచిదే, అడుగడుగునా దొరుకుతుంది. అయితే అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పట్టుచీర తడిసేంత చెమట పట్టిన రోజు బొండం ఒక్కటే సరిపోదు. ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో కూడా ఉండాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న టీ చెంచాలు, తలగొట్టి కొలవాలి. ప్యాకెట్ అయితే ఎన్ని నీళ్ళలో కలపాలో దానిమీద చూసి అంతే కలపండి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు ఉప్పు, బొండాల సంగతి డాక్టరుని అడిగి పెట్టుకోవాలి. తల తిరిగి, మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకి చేర్చి, తడిబట్టతో తుడుస్తూ, గాలి విసురుతూ 108 పిలవండి.

వాద్యాలకీ కెమెరాలకీ కూడా ఈ తేమ శత్రువే. మృదంగం చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది, అందుకే మా ఆయన (మృదంగం ఆయనే నా భర్త) గంట ముందే బయటికి తీసి ఊరి గాలికి అలవాటుపడనిస్తారు. ఫొటోలు తీసే కుర్రాడొకడు చెప్పాడు: ఏసీ గదిలోంచి కెమెరా ఉన్నపళంగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుందట. సంచి మూసి ఉంచి, అరగంట ఆగి తీస్తాడు.

గోదారోళ్ళ మర్యాద ముందు ఎలా నిలబడాలి

వెళ్ళిన ఊళ్ళో భోజనం ఎవరో ఒకరింట్లో ఉంటుంది. వేళకి తినకపోతే మనం చెడతాం, పెట్టినంతా తింటే ఇంకా చెడతాం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, నెయ్యి, పాలకోవా, బయటికొచ్చాక చేతిలో పూతరేకుల పొట్లం. వద్దంటే ఆ ఇల్లాలి ముఖం చిన్నబోతుంది. ఆవిడ పొద్దున్న నుంచి మన కోసం వంటింట్లో నిలబడి ఉంటుంది. ఆవిణ్ణి బాధపెట్టి స్టేజీ ఎక్కితే కథ కూడా సరిగా సాగదు.

నాకు దారి చూపింది మా గురువుగారు. రామచంద్రపురం వైపు ఒక ఊళ్ళో రుక్మిణీ కల్యాణం కథకి గంటన్నర ముందు విస్తరి వేశారు. ఇంటావిడ గరిటె పట్టుకుని నిలబడింది. "ఇంకో రెండు గారెలు వేసుకోండి, ఆయ్, మా మీద కోపమా?" అంది. గురువుగారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. చేతులు జోడించారు. "అమ్మా, ఇప్పుడు తింటే రుక్మిణికి ఊపిరి ఆడదమ్మా, కథ మధ్యలో ఆగిపోతుంది. కథ అయ్యాక మీ చేత్తో పెరుగన్నం నాలుగు ముద్దలు పెట్టండి, దాని కోసం ఎదురుచూస్తూ చెబుతాను" అన్నారు. ఆవిడ నవ్వేసింది. కథ అయ్యాక నిజంగానే గిన్నెలో కలిపి, మీద దానిమ్మ గింజలు చల్లి తెచ్చి పెట్టింది. అది మేం అందరం తిన్నాం.

అందులో నేను నేర్చుకున్నది ఇదీ: వద్దు అనకండి, ఎప్పుడు, ఏది కావాలో చెప్పండి. ఇంకా మేలు, ఆ ఊరు చేరగానే చెప్పెయ్యండి: "అమ్మా, మాకు ఆరింటికల్లా భోజనం పెట్టెయ్యండి. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. వేపుడు వద్దు. రాత్రికి పెరుగన్నం ఉంచండి చాలు." వంట మొదలుపెట్టకముందే తెలిస్తే వాళ్ళకీ సులువు. స్వీట్లు మొహమాటం లేకుండా తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళండి. పూతరేకులు రెండు రోజులున్నా పాడవవు, ఇంట్లో పిల్లలు సంతోషిస్తారు.

ప్రయాణపు పొద్దున్న టిఫినుకి నా ఓటు పొట్టిక్కలకే. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. అంబాజీపేట వైపు వెళ్తే తప్పకుండా ఆగుతాం. నూనె లేదు, వేడిగా ఉంటుంది, కడుపులో తేలిగ్గా ఉంటుంది, ఆ పనసాకు వాసనకే ఆకలి పుడుతుంది.

స్టేజీ ఎక్కేముందు

మైకు చూసుకోకుండా గొంతు విప్పొద్దు. నా మాట నాకు వినపడకపోతే తెలియకుండానే అరుస్తాను, అరగంటలో గొంతు పోతుంది. అందుకే ఒక బాక్సు నా వైపు. కానీ పెద్ద బాక్సుల పక్కన కూర్చోవడం మాత్రం వద్దు. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకి 8 గంటలు దాటితే చెవికి హాని మొదలవుతుంది. మరో మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. తీర్థాల్లో డీజే బాక్సుల దగ్గర పావుగంట కూడా ఎక్కువే. మన వంతు వచ్చేదాకా ఫోం బిరడాలు పెట్టుకుని దూరంగా కూర్చోండి. చెవి పోతే శ్రుతి పోతుంది.

నీళ్ళు కథకి పది నిమిషాల ముందు గటగటా తాగితే స్వరతంత్రులకి అందవు. రెండు మూడు గంటల ముందు నుంచి గుక్కెడు గుక్కెడు తాగుతుండాలి. జలుబు చేస్తే వేడినీళ్ళ ఆవిరి పట్టండి. గిన్నె ఒళ్ళో పెట్టుకోకండి, బల్ల మీద పెట్టండి, కాలిన కేసులు చూశాను. గొంతు బొంగురుపోయిన రోజు గుసగుసగా మాట్లాడటం కూడా మంచిది కాదు, అదీ శ్రమే. మౌనంగా ఉండండి, లేదా నెమ్మదిగా మామూలు గొంతుతో మాట్లాడండి. పదే పదే గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్ళు మింగండి. బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

ప్రోగ్రాం అయ్యాక

కథ బాగా కుదిరిన రాత్రి ఒళ్ళంతా వెలుగుతున్నట్టుంటుంది. నిద్ర రాదు. అందరూ చుట్టూ చేరతారు, ఫొటోలు, పొగడ్తలు, ఇంకో పద్యం పాడమంటారు. అక్కడే జాగ్రత్త పడాలి. పావుగంట చాలు. నమస్కారం పెట్టి గదికి వచ్చెయ్యండి. గజ్జెలు విప్పి, గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు కడుక్కుని, పొడిబట్టలు కట్టుకోండి. కాళ్ళు గోడకి ఆనించి పది నిమిషాలు పడుకోండి, పిక్కలు తేలికపడతాయి.

అర్ధరాత్రి భోజనం గురించి నాకు ఒక డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. నిండా తిని వెంటనే పడుకుంటే కడుపులోని యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. ఒక్కోసారి గుండెలో మంట కూడా తెలీదు, నేరుగా స్వరపేటిక దాకా వచ్చి దాన్ని వాచేలా చేస్తుంది. పొద్దున్న గొంతు బొంగురు, చేదు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం దానివల్లే. అంతకుముందు నేను మంచులో కథ చెప్పడం వల్ల అనుకునేదాన్ని. తిండి వేళ మార్చాక ఆ బొంగురు చాలావరకు పోయింది. పెద్ద భోజనానికీ పడుకోవడానికీ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. అందుకే ఆరింటికి భోజనం, కథ అయ్యాక నాలుగు ముద్దలు మాత్రం. తలవైపు కాస్త ఎత్తు పెట్టుకోండి.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది. ఆ రాత్రి బయల్దేరొద్దు.

తొమ్మిదేళ్ళ కిందట మేం నలుగురం ధనుర్మాసంలో కథ ముగించుకుని రాత్రి ఒంటిగంటన్నరకి కారెక్కాం. పొద్దున్న ఇంట్లో ఉండాలని తొందర. అందరం నిద్రలో ఉన్నాం. డ్రైవరు కుర్రాడు ముందురోజు కూడా పెళ్ళి కారు తోలాడని మాకు తెలీదు. ఒక్క కుదుపు. కళ్ళు తెరిస్తే హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద లేదు. కింద, కాలవలో, గుర్రపుడెక్క పూల మీద పడుతోంది. ఊదారంగు పూలు అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. ముందు చక్రం గట్టు దాటి గాల్లో ఉంది, కారు అడుగు ఒక కొబ్బరిమొద్దు మీద ఆగి ఉంది. ఎవరూ కదలొద్దని మా ఆయన నెమ్మదిగా అన్నారు. ఒక్కొక్కరం వెనక తలుపులోంచి దిగాం. ఆ కుర్రాడు గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. వాణ్ణి ఒక్క మాట కూడా అనలేకపోయాం. పద అన్నది మేమే కదా.

మన కాలవ గట్ల రోడ్లు సన్నం. చాలాచోట్ల అంచున గోడ ఉండదు. చలికాలం తెల్లవారుజామున మంచు కాలవ మీంచి రోడ్డు మీదకి లేస్తుంది, పది అడుగుల అవతల ఏముందో కనపడదు. అందుకే రాత్రి ఆ ఊళ్ళోనే పడుకోండి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వెళ్ళడం కూడా అంతే ప్రమాదం. మంచు విడి, రోడ్డు కనపడ్డాకే బయల్దేరండి, ఏడు దాటినా పర్వాలేదు. రాత్రికే వచ్చెయ్యమనే ఇంటివాళ్ళకి ముందే చెప్పి ఒప్పించండి. డ్రైవరుకి కూడా మంచం, భోజనం మనతోపాటే అడగాలి. నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు తమ్ముడూ అని బయల్దేరేముందు అడగడం మా ఇంట్లో ఇప్పుడు రివాజు.

నిద్ర రాకపోతే కంగారుపడకండి. ఫోన్ పక్కన పెట్టి, లైటు ఆపి, కథలో ఏ చోట జనం నిశ్శబ్దమయ్యారో గుర్తు చేసుకుంటూ పడుకుంటాను, ఎప్పుడు పట్టేస్తుందో తెలీదు. ధనుర్మాసంలో గుడి మైకు తెల్లవారకముందే మొదలవుతుంది, ఫోం బిరడాలు అప్పుడూ పనికొస్తాయి. రాత్రి తక్కువైన నిద్రని మర్నాడు మధ్యాహ్నం ఇరవై, ముప్పై నిమిషాల కునుకుతో కొంత పూడ్చుకోవచ్చు.

ఇంకోటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. అంతమంది చప్పట్ల తర్వాత లాడ్జి గదిలో ఒక్కరే కూర్చుంటే గుండె ఖాళీ అయినట్టుంటుంది. కొత్తలో నేను ఏడ్చేదాన్ని. కుర్రాళ్ళు కొందరు అక్కడే మందు అలవాటు చేసుకుంటారు, నా కళ్ళతో చూశాను. ఆ గంటకి ఒక మనిషిని పెట్టుకోండి. నాటకాల్లో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు పడుకునే ముందు ఎంత రాత్రైనా భార్యకి ఫోన్ చేసి ఆ రోజు ఏం తిన్నారో చెబుతారు, అంతే. ముప్పై ఏళ్ళుగా. ఆ ఖాళీ రోజుల తరబడి వదలకపోతే డాక్టరుతో మాట్లాడటానికి సిగ్గుపడకండి.

మర్నాడు పొద్దున్న

కాలవ గట్టు మీద అరగంట నడవండి, మౌనంగా. సెట్లు వేసే ఆర్టిస్టు ఒకాయన ఏ ఊరెళ్ళినా ఆ నడకలో ఒక చిన్న బొమ్మ గీస్తాడు: రేవు మెట్లు, పడవ తాడు, చెంబు. పని కోసం కాదు, చెయ్యి తన కోసం గీసేది రోజుకి ఒకటైనా ఉండాలంటాడు. పొలంలోకి దిగి ఫొటోలు తీసేవాళ్ళు మాత్రం చెప్పుల్తో దిగొద్దు, పొడవాటి బూట్లు వేసుకోండి, అడుగు వేసేముందు కర్రతో తట్టండి. కాలికి గాయం ఉంటే వరదనీళ్ళలో, బురదలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి ఎలుక జ్వరం వస్తుంది. ఆ తర్వాత కొన్ని రోజుల్లో జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే నీళ్ళలో దిగిన సంగతి డాక్టరుకి చెప్పాలి, వాళ్ళకి అదే ముఖ్యం.

ఇల్లు చేరాక చీర నీడన ఆరేసి, గజ్జెల పట్టీలు తుడిచి, మధ్యాహ్నం దాకా గొంతుకి సెలవిస్తాను. ఆ తర్వాత ఒక పని ఉంటుంది. వంద పేజీల నోటుబుక్కులో ఊరికి నాలుగు లైన్లు. మొన్నటి షష్ఠిది ఇలా రాసుకున్నాను:

"గది మేడ మీద, కిటికీకి జాలీ ఉంది. బాత్రూం కింద, టార్చి కావాలి. మైకు కుర్రాడు మాట విన్నాడు. భోజనం ఏడున్నరకి పెట్టారు, ఆలస్యం. ఒంటిగంటకి పడుకున్నా, ఏడుకి లేచా. గొంతు బాగుంది. వచ్చే ఏడు ప్రెసిడెంటుగారి భార్యకి ముందురోజే ఫోన్ చెయ్యాలి."